ఉత్తుత్తి వరదలో మొండత్త

మొండత్త అనేది ఆమెకు అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు, వరద ఆఫీసు వాళ్ళు తగిలించింది. అంతకు ముందు వీధిలో అందరూ ఇస్త్రీ అత్త అనేవారు. ఇంటి ముందుగదిలో ఆమె ఇస్త్రీ కొట్టు, వెనకగదిలో ఆమె భర్త కుర్చీల పని. వడ్రంగి తెచ్చిచ్చిన చెక్క చట్రాలకు ప్లాస్టిక్ వైరు లాగి, బిగించి, అల్లి, కూర్చునే చోటు తయారు చేయడం ఆయన వృత్తి. ఊళ్ళో సగం ఆఫీసుల్లో గుమాస్తాలు ఆయన అల్లిన కుర్చీల్లో జారబడి జనాన్ని రేపు రమ్మనేవారు.

ముందుగదికి నోరెక్కువ, వెనకగదికి ఓపికెక్కువ. ఆమె ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి, "ఏమయ్యా, ఎక్కడున్నావు?" అని కేకేసేది. "ఇక్కడే ఉన్నానే" అనేవాడు ఆయన. ఎక్కడికి పోతాడు పాపం, పొద్దున కూర్చున్నవాడు పొద్దుగూకేదాకా ఆ చట్రం ముందునుంచి లేచేవాడు కాదు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. అయినా అడగందే ఆమెకు తోచదు, పలకందే ఆయనకు పని సాగదు. పిల్లల్లేని ఆ ఇల్లు ఆ ఒక్క కేకతో, ఆ ఒక్క జవాబుతో నిండుగా ఉండేది.

ఇప్పుడు కేకా లేదు, జవాబూ లేదు. ఆయన వరదలో పోయాడు. వరదలో మనుషులు పోవడం వింతా, అంటారేమో. ఒక్క నీళ్ళే అయితే ఆయన బతికేవాడు. ఆ రోజు అందరూ తమ తమ పని, నేర్చుకున్నది నేర్చుకున్నట్టు, ఏ లోటూ లేకుండా చేశారు. అందుకే పోయాడు. చెప్పుకోవలసింది ఆ సంగతే.

ఆ వీధి పల్లంలో ఉంది. వీధి చివర ఏటికట్ట, కట్ట అవతల ఏరు. వాన గట్టిగా పడితే ఏటికన్నా ముందు మురుగుకాలువే ఇళ్ళలోకి వచ్చేది. ఆ కాలువలో పూడిక తీయించమని అడగడానికి ఒకరోజు ఆమె వార్డు ఆఫీసుకు వెళ్ళింది. గుమాస్తా కాగితాల్లోంచి తలెత్తకుండా, "ఇప్పుడేం కొంపలు మునిగిపోయాయమ్మా?" అన్నాడు.

"మునుగుతాయనే కదయ్యా వచ్చింది! మునిగాక నీ దగ్గరికి ఈదుకుంటూ రమ్మంటావా?"

అక్కడితో ఊరుకునే మనిషైతే ఈ కథే లేదు. "నువ్వు కూర్చున్న కుర్చీ మా ఆయన అల్లింది, లే అందులోంచి" అంది. గుమాస్తా బిత్తరపోయి లేచాడు. లేచినవాడు లేచినట్టుండగానే ఆమె ఆ కుర్చీలో చతికిలబడింది. కాలువ తవ్విస్తానని మాటిచ్చేదాకా కదలను, ఎవడొచ్చి లేపుతాడో చూస్తానంది. బంట్రోతులు వచ్చి బతిమాలారు. బెదిరించారు. మంచినీళ్ళిచ్చారు. నీళ్ళు తాగింది గానీ కదల్లేదు.

పక్కగదిలో వరద ఆఫీసు ఇంజనీరమ్మ మీటింగులో ఉంది. ఊరికి వరదొస్తే ఏం చేయాలో పథకం తయారు చేసే పని ఆమెది. ఆ గొడవకి బయటికొచ్చి, గోడకానుకుని కాసేపు చూసింది. కోప్పడుతుందనుకున్నారు అందరూ. ఆమె మాత్రం, "అమ్మా, మీలాంటి మనిషి కోసమే నేను ఊరంతా వెతుకుతున్నాను" అంది.

లోపలికి తీసుకెళ్ళి గోడ మీది ఊరి పటం చూపించింది. నీళ్ళు ఎంత లోతు వస్తాయో అంత ముదురు నీలం రంగు. మొండత్త వీధి సిరా బుడ్డి ఒలికినట్టుంది. ముందు ఏ వీధి ఖాళీ చేయాలి, ఎటునుంచి తీసుకెళ్ళాలి, ఏ బడి మేడమీద ఉంచాలి, అన్నీ రాసి పెట్టుకున్నారు. అయితే పోయిన వరదలో పథకం బెడిసింది నీళ్ళ దగ్గర కాదట, మనుషుల దగ్గర. పడవ గుమ్మం దాకా వచ్చినా ఎక్కలేదట. ఒకరు పిల్లి కోసం, ఒకరు తాళంచెవి కోసం, ఒకరు మా నాన్న కాలంనుంచీ ఈ గడప దాటి నీళ్ళు రాలేదనే ధీమాతో. ఒక ఇంటి ముందు బతిమాలుతూ పడవ ఆగితే, వీధి చివరింటి వాళ్ళు కప్పు మీద ఏడుస్తూ కూర్చున్నారట.

"అందుకని ప్రతి ఏడూ వానలకు ముందు మాక్ డ్రిల్ పెడుతున్నాం. మా జట్టులో వాళ్ళకి మొండివాళ్ళని ఎలా తీసుకురావాలో నేర్పాలి. కానీ ఎవరిని పిలిచినా విందుకి పిలిచినట్టు నవ్వుకుంటూ వచ్చి పడవెక్కేస్తున్నారు. ఇంక వాళ్ళేం నేర్చుకుంటారు?"

"అయితే నన్ను మొండికేయమంటారు."

"ఇందాక వేశారు చూడండి, అలాగ."

"కాలువో?"

"తవ్విస్తాను."

బేరం కుదిరింది. కాలువ నిజంగానే తవ్వించారు. కొన్నాళ్ళకు మళ్ళీ పూడిపోయింది, అది వేరే సంగతి.

ఆఫీసు వాళ్ళు మాక్ డ్రిల్ అన్నదాన్ని వీధి వాళ్ళు ఉత్తుత్తి వరద అనేవారు. చూడముచ్చటగా ఉండేది. ఎర్రటి ఎండలో, చుక్క నీళ్ళు లేని వీధిలో, తోపుడు బండి మీద పడవ కట్టి తోసుకుంటూ వచ్చేవారు. పడవలో నారింజరంగు తొడుగులు వేసుకున్న జట్టు. చేతిలో మైకుతో ఇంజనీరమ్మ, "నీళ్ళు మోకాలి దాకా వచ్చాయి... ఇప్పుడు నడుము దాకా వచ్చాయి..." అంటుంటే పిల్లలు ఉత్తుత్తినే ఈత కొట్టేవారు. పడవ మొండత్త గుమ్మం ముందు ఆగేది. అక్కడినుంచి ఆట ఆమెది.

జట్టుకు చెప్పిన పాఠం చిన్నదే. మొదట మర్యాదగా చెప్పాలి. తర్వాత గట్టిగా చెప్పాలి. ఆ తర్వాత ఒకరు చంకల కింద, ఒకరు మోకాళ్ళ కింద చేతులు వేసి ఎత్తి పడవలో కూర్చోబెట్టాలి. ఏం చెప్పినా వినకూడదు. మాటల్లో పడితే పడవ మునిగినట్టే.

మొండత్త వాళ్ళని మాటల్లో పడెయ్యడానికి చెయ్యని ప్రయత్నం లేదు. పొయ్యి మీద పాలున్నాయనేది. నడుం పట్టేసిందనేది. మీరు దొంగలు కాదని నమ్మకమేమిటనేది. అన్నిటికన్నా బాగా పండింది మాత్రం ఒక్కటే. గుమ్మాన్ని రెండు చేతులా వాటేసుకుని, "లోపల మా ఆయనున్నాడయ్యా! ఆయన్ని వదిలేసి నేనెట్లా రానూ! నా తోడు, నిజం!" అని గుండెలు బాదుకునేది. ఆయన చూస్తే వీధి అవతల జనంలో నిలబడి తమాషా చూస్తుండేవాడు. "ఇక్కడే ఉన్నానే!" అని చెయ్యెత్తేవాడు. వీధి వీధంతా గొల్లుమనేది. పడవలో వాళ్ళు ఆ నవ్వులోనే ఆమెను ఎత్తుకుపోయేవారు.

మొదటి ఏడు మాత్రం ఒకడు మోసపోయాడు. ఆయనకి చట్రాలు తెచ్చిచ్చే వడ్రంగే. పక్క వీధివాడు, జట్టులో పేరిచ్చాడు. అత్తా మామా అని వరసలు కలుపుకుని, వారంలో సగం రోజులు వాళ్ళింట్లోనే టీ తాగేవాడు. ఆమె అలా గుండెలు బాదుకునేసరికి వాడి ప్రాణం ఆగలేదు. మామా అంటూ లోపలికి పరుగెత్తాడు. వెనకగది, దొడ్డి, అటక కూడా వెతికి చెమటలు కక్కుతూ బయటికొచ్చేసరికి, మామ జనంలో నిలబడి వాడికేసి చెయ్యి ఊపుతున్నాడు.

జనం పొట్టలు పట్టుకున్నారు. ఇంజనీరమ్మ నవ్వలేదు. మైకులోనే, "ఈయన లోపల తిరిగినంతసేపట్లో నాలుగిళ్ళ అవతలున్న పసిబిడ్డ తల్లి కొట్టుకుపోయింది" అంది. ఉత్తుత్తి తల్లే, అయినా వాడి మొహం నల్లబడింది. ఆపైన ఏ కొత్త జట్టుకు పాఠం చెప్పినా వడ్రంగి సంగతే ఉదాహరణ. వాడిని చూపించి మరీ చెప్పేవారు. వాడు తలొంచుకుని నవ్వేవాడు. మొండత్త కూడా వాడి నెత్తి మీద మొట్టి, "ఒరేయ్, నా నోట్లోంచి ఏదొచ్చినా నమ్మకురా. మీ మామే నమ్మడు" అనేది. వాడికి ఆ పాఠం ఒంటబట్టింది. తర్వాతి ఏళ్ళలో ఆమెను అందరికన్నా తొందరగా ఎత్తేది వాడే.

ఇందులో ఎవరి తప్పుందో నాకు తెలియదు. ఆ పాఠం మంచిదే. ఆ పాఠం వల్లే అసలు వరదలో ఆ వీధి జనం దాదాపు అందరూ బతికారు.

అసలు వరద పగలే వచ్చింది. పైన కొండల్లో రోజుల తరబడి వానలు, పెద్ద ఆనకట్ట గేట్లన్నీ ఎత్తేశారని కబురు. పొద్దున్నే వడ్రంగి నారింజ తొడుగు వేసుకుని వీధిలో ఇంటింటికీ చెబుతూ వచ్చాడు. మామ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "మొదటి పడవకే నేనెక్కేస్తానురా. మీ అత్తని మీరెలాగూ ఎత్తుకు రావాల్సిందే గదా" అన్నాడు. ముగ్గురూ నవ్వుకున్నారు. ఆ ఇంట్లో ముగ్గురూ కలిసి నవ్వడం అదే ఆఖరు.

మొదటి పడవకి ఆయన ఎక్కలేదు. వెనకగదిలో బడివాళ్ళ కుర్చీలున్నాయి, అల్లి ఇవ్వాల్సినవి. పరాయి సొమ్ము తడవకూడదని ఒక్కొక్కటే అటక మీదికి ఎత్తుతున్నాడు. "ఏమయ్యా, రావేం!" అని ముందుగదిలోంచి ఆమె అరుస్తోంది. "ఇంకో నాలుగున్నాయే, వస్తున్నా" అంటున్నాడు ఆయన. ఇంతలో కట్ట మీదినుంచి కాదు, కాలువలోంచి తన్నుకొచ్చాయి నీళ్ళు. వెనకగది ముందుగదికన్నా ఒక మెట్టు దిగువ. చూస్తుండగానే మోకాళ్ళు మునిగాయి. అటక మీద పెట్టిన కుర్చీలు జారి పడ్డాయి. నేల మీది చట్రాలు పైకి తేలి, ఒకదానిలో ఒకటి కాళ్ళు దూర్చుకుని, తలుపుకి అడ్డం పడ్డాయి. ఆ తలుపు లోపలివైపు తెరుచుకునేది. ఆమె ఇటునుంచి భుజం పెట్టి తోసింది. చెయ్యి పట్టేంత సందు మాత్రం వచ్చింది.

ఆ సందులోంచి ఆయన చెయ్యి బయటికి పెట్టాడు. ఆమె పట్టుకుంది. వైరు లాగిలాగి కాయలు కాసిన వేళ్ళు.

"కంగారు పడకే. బయటికెళ్ళి మన వడ్రంగిని పిలువు. తలుపు పని వాడికి రెండు దెబ్బలు."

"నువ్వు?"

"నేనెక్కడికి పోతాను?"

ఆమె చెయ్యి వదిలి ముందు గుమ్మంలోకి వచ్చింది. ఆ చెయ్యి ఎందుకు వదిలానని ఆమె ఇప్పటికీ అడుగుతూనే ఉంటుంది, ఎవరూ లేనప్పుడు. వదలకపోతే ఏమయ్యేది? ఇద్దరూ పోయేవారు. అదే నయమంటుంది.

వీధిలో నీళ్ళు నడుము దాటాయి. సైరన్ ఆగకుండా మోగుతోంది. రెండో పడవ ఇటు వస్తోంది, మూడోది వెనక సందులోకి తిరిగింది. ఇటు వచ్చే పడవ ముందు కొసన ఎవరున్నారో చూసేసరికి ఆమెకు పోయిన ప్రాణం లేచొచ్చింది. వడ్రంగే. పిలవకుండానే వచ్చాడు.

"ఒరేయ్, వచ్చావా తండ్రీ! లోపల మీ మామున్నాడురా! తలుపు పట్టేసింది, దిగు, దిగు!"

వాడు పళ్ళు బయటపెట్టి నవ్వాడు. వెక్కిరింపు కాదు, ముద్దుగానే నవ్వాడు. "ఈపూట కూడానా అత్తా! మామ మొదటి పడవలో వెళ్ళిపోయాడుగా. రా, చెయ్యివ్వు."

"లేదురా, వెళ్ళలేదు! నా తోడు, నిజం!"

ఆ మాట ఆమె ప్రతి ఏడూ అన్నదే. ఆ గొంతు అదే, ఆ గుండెలు బాదుకోవడం అదే. ఒట్లు, శాపాలు, కాళ్ళ మీద పడటాలు, నిజం చెప్పడానికి మనిషి దగ్గర ఉండే సరుకంతా ఆమె ఉత్తుత్తి వరదల్లోనే ఖర్చు పెట్టేసింది. అసలుకి వచ్చేసరికి ఏమీ మిగల్లేదు. పడవలో ఇద్దరు పసిపిల్లలతో ఒక తల్లి ఉంది, పిల్లలు గుక్కపట్టి ఏడుస్తున్నారు. ఇంజిను దగ్గరున్నవాడి రేడియోలో ఇంజనీరమ్మ గొంతు, కట్ట జారుతోంది, వీధి వెంటనే ఖాళీ చెయ్యండి, చివరింటి దాకా వెళ్ళండి అంటోంది.

ఆమె ఇంటివైపు తిరిగి ఊపిరంతా పెట్టి అరిచింది. "ఏమయ్యా! పలుకయ్యా! వీళ్ళకి వినపడేట్టు పలుకు!"

"ఇక్కడే ఉన్నానే!"

స్పష్టంగా వినిపించింది. వెనకగది గోడలో, పైన, ఒక చిన్న కిటికీ ఉంది, వెనక సందులోకి. గొంతు అందులోంచి బయటపడి, సందు చుట్టూ తిరిగి వచ్చింది. వెనక సందులో మూడో పడవ ఇంజిను చప్పుడవుతోంది.

వడ్రంగి మొహం విప్పారింది. "అదుగో, విన్నావా? వెనక పడవలో ఉన్నాడు మామ! నిన్ను ఆటపట్టిస్తున్నాడు. పద అత్తా, టైము లేదు."

మర్యాదగా చెప్పడం అయింది. గట్టిగా చెప్పడం అయింది. వాడు చంకల కింద చేతులు వేశాడు, ఇంకొకడు మోకాళ్ళ కింద. ఆమె వాడి చెయ్యి కొరికింది. అది కూడా ప్రతి ఏడూ చేసేదే, కాకపోతే ఈసారి రక్తం వచ్చింది. వాడు పళ్ళు బిగబట్టి, "ఏం ఫరవాలేదత్తా, ఏం ఫరవాలేదు" అంటూనే ఆమెను పడవలో కూర్చోబెట్టి గట్టిగా పట్టుకున్నాడు. దూకేస్తుందని భయం వాడికి. కన్నతల్లిని పట్టుకున్నట్టే పట్టుకున్నాడు. పడవ చివరింటి దాకా వెళ్ళి, అక్కడి వాళ్ళనీ ఎక్కించుకుని, బడివైపు తిరిగింది.

బడి మెట్ల దగ్గర ఆమెను దింపాక కూడా అరుస్తూనే ఉంది. ఎవరో దుప్పటి కప్పారు. ఎవరో టీ ఇచ్చారు. ఇళ్ళు పోయినవాళ్ళు అందరూ అరుస్తూనే ఉన్నారు అక్కడ, ఆమె అరుపు అందులో ఒకటి. వడ్రంగి మాత్రం మెట్ల దగ్గరే నిలబడ్డాడు, మూడో పడవ వస్తే మామకి చెయ్యందించి, మీ ఆవిడ నన్నెలా కొరికిందో చూడమని చూపిద్దామని. పడవ వచ్చింది. ఒక్కొక్కరే దిగారు. ఆఖరి మనిషి కూడా దిగాక వాడు వంగి పడవలోకి చూశాడు.

"మామేడీ?"

"ఏ మామ?" అన్నాడు పడవవాడు.

వాడు ఇంకో మాట అడగలేదు. ఇంజిను తాడు లాగి, ఒక్కడే, పడవ తిప్పాడు. ఇంజనీరమ్మ రేడియోలో వద్దని అరిచింది, అప్పటికి కట్ట తెగింది. ఎలా వెళ్ళాడో, ఏ గోడ పట్టుకుని ఈదాడో వాడికే గుర్తులేదు. ఎలాగో ఇల్లు చేరాడు. ఆ తలుపు ఊడదీయడానికి వాడికి ఎంతోసేపు పట్టలేదు. మామ చెప్పినట్టు రెండు దెబ్బలే. వాడు తర్వాత ఎవరికి చెప్పినా ఆ ఒక్క ముక్కే చెప్పేవాడు, "రెండు దెబ్బలేనండీ" అని. మామ కుర్చీల మధ్య ఉన్నాడు. చెయ్యి ఒకటి తలుపు సందువైపు చాచి ఉంది.

ఆ మర్నాడే, ఒళ్ళు ఆరకముందే, ఎవరో అన్నారు, రోజూ అబద్ధమాడితే నిజం చెప్పిననాడు ఎవరు నమ్ముతారమ్మా అని. ఆ అన్నవాళ్ళ నోట్లో దుమ్ము పడ! ఆమె అబద్ధమాడిందా, ఆడించారా? వీధిలో ఒక్క ప్రాణం పోకూడదని, కాలువ పూడిక తీయించడం కోసం, నవ్వించి నవ్వించి ఆడింది. ఆ నవ్విన జనంలో ఈ అన్నవాళ్ళూ ఉన్నారు.

వరద తీశాక ఇంజనీరమ్మ ఇంటికి వచ్చింది. గోడల మీద ఇంకా బురద చార ఉంది. కూర్చోమందామంటే కుర్చీ లేదు, ఉన్నా ఆమె కూర్చునేది కాదు. పైవాళ్ళకు పంపే కాగితంలో ఈ వీధి గురించి ఏం రాయాలో తెలియక వారంగా నిద్రలేదంది. వీధంతా క్షేమం, ఒక్కరు తప్ప, అని రాస్తే తన చెయ్యి ఆగిపోయిందంది. ఏడ్చింది. మొండత్త ఏడవలేదు.

"నాకు ఒకటి చెయ్యమ్మా. ఎవరేం చెప్పినా, అబద్ధమని తెలిసినా సరే, ఒకడు లోపలికి వెళ్ళి చూసి రావాలి. అంతే."

"ప్రతి ఇంట్లో చూస్తూ పోతే చివరింటికి పడవ ఆలస్యమవుతుందమ్మా" అంది ఇంజనీరమ్మ, నెమ్మదిగా. అబద్ధం చెప్పడం ఆమెకు రాదు. "ఆ పసిపిల్లల తల్లి..."

"తెలుసు. నా పక్కనే కూర్చుంది. పిల్లలు చల్లగా ఉండాలి" అంది మొండత్త. "ఇంకో పడవ కొనండి."

పడవ కొన్నారు. దానికోసం ఇంజనీరమ్మ ఎన్ని మెట్లెక్కి దిగిందో ఆమెకే తెలుసు. పథకంలో కొత్త మాట రాశారు. గుమ్మంలో ఉన్న మనిషిని "లోపల ఎవరైనా ఉన్నారా?" అని అడగాలి. లేరని ఆ మనిషి నోటితో చెబితే సరే. ఉన్నారన్నా, ఏమీ చెప్పకపోయినా, ఒకరు లోపలికి వెళ్ళి అన్ని గదులూ చూసి రావాలి.

వడ్రంగి అప్పటికే జట్టు మానేశాడు. చట్రాలు చేయడమూ మానేశాడు. మొదట్లో రోజూ వచ్చి గుమ్మం బయట నిలబడేవాడు. ఆమె తలుపు తీసేది కాదు. వాడి తప్పు కాదని ఆమెకు తెలుసు, తెలిసినంత మాత్రాన కడుపులో మంట ఆరుతుందా? వాడి మొహం చూస్తే ఆ నవ్వే కనపడేది. ఆ నవ్వులో విషం ఉండి ఉంటే తిట్టి ఊరుకునేది. ప్రేమ తప్ప ఇంకేమీ లేదు అందులో, దాన్నేం చెయ్యాలో ఆమెకు తెలియలేదు. కొన్నాళ్ళకి వాడూ రావడం మానేశాడు.

మళ్ళీ వానలకు ముందు ఇంజనీరమ్మ కబురంపింది. ఈ ఏడు గుమ్మంలో ఇంకెవరినైనా కూర్చోబెడతాం, మీరు రావద్దమ్మా అని. మొండత్త ఒప్పుకోలేదు. "నేనే కూర్చుంటాను. పడవలో వాడుండాలి" అంది. తనే పక్క వీధికి వెళ్ళి, వాడి కొట్టు ముందు నిలబడి, "రేపు రా" అని ఒక్క ముక్క చెప్పి తిరిగొచ్చింది.

తోపుడు బండి మీద పడవ వచ్చింది. వీధిలో జనం ఉన్నారు గానీ చప్పుడు లేదు. పిల్లలు కూడా ఈదలేదు. మొండత్త గుమ్మం మెట్టు మీద కూర్చుని ఉంది. ఈసారి ఆమె గుండెలు బాదుకోనక్కర్లేదు, గుమ్మం వాటేసుకోనక్కర్లేదు. అడిగినదానికి లేరని చెప్పి, లేచి పడవెక్కాలి. కొత్త పద్ధతి జనానికి చూపించడానికి అంత చాలునని ఇంజనీరమ్మ ముందే చెప్పింది.

వడ్రంగి బండి దిగి వచ్చాడు. చేతి మీద పంటిగాట్ల మచ్చ తెల్లగా ఉంది. ఆమె ఎదుట నిలబడి, పాఠం అప్పజెప్పినట్టు అడిగాడు.

"లోపల ఎవరైనా ఉన్నారా అత్తా?"

లేరు. రెండక్షరాలు. వార్డు ఆఫీసు మొత్తాన్నీ నోరెత్తకుండా చేసిన నోరు ఆమెది. ఆ రెండక్షరాలు రాలేదు. ఆయన పోయినప్పటినుంచీ, ఊరంతా ఆమెతో ఆ మాట అన్నారు గానీ, ఆమె మాత్రం ఒక్కసారి కూడా అనలేదు. వాడు మళ్ళీ అడిగాడు. ఆమె మెట్టు మీదినుంచి లేవలేదు.

ఏమీ చెప్పకపోతే లోపలికి వెళ్ళి చూడాలి. వాడు ఆమె పక్కనుంచి ఒదిగి లోపలికి వెళ్ళాడు. ముందుగదిలో అడుగులు వినిపించాయి. తర్వాత వెనకగదిలో. అక్కడ ఆగిపోయాయి. వీధిలో అందరూ ఆ గుమ్మంకేసే చూస్తున్నారు. చాలాసేపటికి వాడు బయటికొచ్చి ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"అన్ని గదులూ చూశానత్తా" అన్నాడు. "ఎవరూ లేరు."

ఆమె వాడి మొహంలోకి చూసింది. వరద తర్వాత వాడి మొహంలోకి చూడటం అదే మొదలు.

"ఇంకోసారి చూసి రా నాయనా" అంది.

ఇంజనీరమ్మ మైకు కిందికి దించేసింది. వాడు లేచి మళ్ళీ లోపలికి వెళ్ళాడు.